పెంపకం తీరు, ఇంటిల్లిపాది పని: బరంపురం వైపు తెలుగు ఇళ్ల లెక్క

వేసవి సెలవులు దగ్గర పడితే చాలు, ఫోన్లలో ఒక రకం జాబితాలు తిరగడం మొదలవుతుంది. మీరు క్రమశిక్షణ కోరే తల్లిదండ్రులైతే పిల్లలతో కలిసి టైంటేబుల్ గీయండి, మెతక మనుషులైతే రంగులిచ్చి గోడ మీదికి వదిలేయండి, తీరిక లేనివాళ్లయితే ఆదివారం సినిమాకు తీసుకెళ్లండి అంటూ సాగుతాయి. చదవడానికి బాగానే ఉంటాయి. వాటిని పాటిస్తే మాత్రం కట్టడి ఎక్కువైన ఇంట్లో ఇంకాస్త కట్టడి పెరుగుతుంది, గారాబం ఎక్కువైన ఇంట్లో ఇంకాస్త గారాబం చేరుతుంది. అలవాటైన దారిలోనే మరో నాలుగడుగులు వేయడానికి సలహా ఎందుకు? నన్నడిగితే ఈ లెక్కను తిరగేయాలి. ఇంటి పెంపకంలో ఏది కొరవడిందో దాన్ని బయటికి లాగే పనే ఆ ఇంటికి కావాలి.

ఈ మాట బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రంగా ఏర్పడి ఈ ఊళ్లు అటు చేరాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అన్న జీవితానికి తరాలు గడిచాయి. పెంపకం గురించి ఎక్కడో రాసిన సూత్రాలు ఈ ఇళ్లకు ఎక్కడ అతుకుతాయో, ఎక్కడ అతకవో చూడాలంటే ముందు ఆ సూత్రాలేమిటో తెలియాలి.

అమెరికాలోని బర్క్‌లీలో డయానా బామ్‌రిండ్ అనే మనస్తత్వవేత్త నర్సరీ ఈడు పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను దగ్గరగా గమనించారు. 1966లో వెలువడిన వ్యాసంలో ఆమె మూడు తీరులను విడదీసి చెప్పారు. మొదటి రకం ఇంట్లో చెప్పింది చేయాలి, ఎందుకని అడగకూడదు. రెండో రకం ఇంట్లో అడిగింది దొరుకుతుంది, అడ్డు చెప్పేవారు ఉండరు. మూడో రకం ఇంట్లో నియమమూ ఉంటుంది, దానికి కారణమూ చెబుతారు, పిల్లల వాదన వింటారు, చివరి మాట మాత్రం పెద్దలదే. 1983లో ఎలినార్ మకోబీ, జాన్ మార్టిన్ దీన్ని రెండు కొలతల మీద నిలబెట్టారు. పిల్లల నుంచి ఎంత ఆశిస్తున్నారు అన్నది ఒకటి, పిల్లలకు ఎంత స్పందిస్తున్నారు అన్నది రెండోది. ఈ రెండూ ఎక్కువా తక్కువా అన్న లెక్కన నాలుగు గడులు తేలతాయి. రెండూ తక్కువగా ఉన్న ఇంటిని నాలుగో గడిలో పెట్టారు. దాన్ని పట్టించుకోని పెంపకం అనుకోవచ్చు.

జాబితాలు రాసేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. అసలు సంగతి దీని తరువాత ఉంది. తీరు వేరు, చేసే పని వేరు అని 1993లో నాన్సీ డార్లింగ్, లారెన్స్ స్టైన్‌బర్గ్ తేల్చి చెప్పారు. కలిసి కేరమ్స్ ఆడటం ఒక పని. ఆటలో ఓడి బోర్డు తోసేసిన పిల్లవాడితో ఎలా వ్యవహరించారన్నది తీరు. ఒకే పని రెండు ఇళ్లలో రెండు రకాల ఫలితాలిస్తుంది, ఎందుకంటే అది జరిగే వాతావరణం వేరు. కాబట్టి ఫలానా తీరుకు ఫలానా ఆట అని జత కలపడం మొదట్లోనే తప్పుతోంది. ఆట తీరును మార్చదు. తీరులోని బిగువును కాసేపు సడలించే అవకాశం ఇస్తుంది, లేదా లేని బిగువును కాసేపు తెచ్చిపెడుతుంది. అంతకు మించి ఆశించకూడదు, అంతకంటే తక్కువకు తృప్తిపడనక్కరలేదు.

ఇంకో చిక్కు ఉంది. బామ్‌రిండ్ గమనించినవి ఎక్కువగా శ్వేతజాతి మధ్యతరగతి కుటుంబాలు. అమెరికాలో స్థిరపడిన చైనా తల్లులను ఈ కొలతతో కొలిస్తే కరకు మనుషులుగా లెక్క తేలుతోందని, వాళ్ల అదుపులో కలగలిసి ఉన్న శ్రద్ధ, శిక్షణ ఈ గడుల్లో పట్టడం లేదని 1994లో రూత్ చావ్ వాదించారు. మన ఇళ్ల సంగతీ అంతే. "ఇంకా తినలేదా? ముందు కాళ్లు కడుక్కుని రా. ఆ తడి చొక్కా విప్పు." మూడూ ఆజ్ఞలే. వాటి వెనుక ఏముందో ఏ పిల్లవాడికైనా తెలుసు. పైగా పిల్లల స్వభావం కూడా తల్లిదండ్రుల తీరును మలుస్తుందని 1968లోనే రిచర్డ్ బెల్ గుర్తుచేశారు. పెద్దవాడి దగ్గర పులిలా ఉండే తండ్రి చిన్నదాని దగ్గర పిల్లి కావడం మనకు కొత్త కాదు.

ఇక మన దగ్గర ఒక ఇంటికి ఒక తీరు ఉంటుందనుకోవడమే పొరపాటు. నాన్న కాదన్నది నాయనమ్మ కొంగు చాటున దొరుకుతుంది. అమ్మ దాచిన ఫోను బాబాయి చేతుల మీదుగా తిరిగొస్తుంది. పిల్లలు ఏ పని ఎవరి దగ్గర సాగుతుందో లెక్కగట్టి తిరుగుతారు. అందుకే కింద చెప్పేవి ఇళ్ల గురించి అనుకోకుండా, ఇంట్లోని ఒక్కొక్క మనిషి గురించి అనుకోవడం మేలు.

కట్టడి మనిషితో మొదలుపెడదాం. బరంపురం అప్పడాలకు, ఊరగాయలకు ఒడిశా అంతటా పేరుంది. ఎండాకాలంలో ఇళ్లలోనూ అప్పడాలు ఒత్తుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పని జరిగేచోట కాసేపు కూర్చుంటే పెంపకం పాఠం పూర్తిగా కనిపిస్తుంది. మినప్పిండి ముద్దను నూనె చేత్తో మర్దించి, పొడవుగా సాగదీసి, దారంతో తెంపి ఉండలు చేస్తారు. ఎనిమిదేళ్ల పిల్ల ఒక ఉండ తీసుకుని పీట మీద ఒత్తడం మొదలుపెడుతుంది. ఒక పక్క పలచన, ఒక పక్క మందం. అమ్మ రెండు నిమిషాలు ఓపిక పడుతుంది. తరువాత "ఇలా ఇవ్వు" అంటూ కర్ర లాక్కుని నాలుగు తిప్పులు తిప్పి గుండ్రంగా చేసి ఇస్తుంది. పిల్ల మరొకటి ఒత్తుతుంది, మళ్లీ అదే. మూడోసారి పిల్ల అక్కడ ఉండదు. "దీనికి దేని మీదా నిలకడ లేదు" అని అమ్మ వాపోతుంది. నిలకడ ఎందుకు ఉండాలి? తన చేతిలోది ఎప్పుడూ తనది కాలేదు.

దీనికి విరుగుడు ఉపన్యాసం కాదు, పంపకం. పదిహేను ఉండలు పిల్ల వాటాగా వేరే పళ్లెంలో పెట్టాలి. వాటి మీద అమ్మ చేయి పడకూడదు. ఒత్తడం, మేడ మీద ఆరబెట్టడం, కాకుల కాపలా, మధ్యలో తిరగేయడం అన్నీ పిల్లవే. ఎండాక ఆ అప్పడాలను విడిగా వేయించి పెట్టాలి. మందంగా ఉన్నచోట అప్పడం పొంగదు, మధ్యలో పచ్చిగా పంటికి తగులుతుంది. పలచనైన అంచు మాడుతుంది. ఏం తప్పిందో నూనె చెబుతుంది, అమ్మ చెప్పనక్కరలేదు. వచ్చే ఏడు ఆ పిల్ల కర్ర పట్టే పద్ధతే మారుతుంది. కట్టడి మనిషికి ఇందులో ఉన్న కష్టం ఒక్కటే, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం. చాలామందికి అప్పడాలు ఒత్తడం కంటే అదే కష్టం.

పని తనంతట తాను తప్పొప్పులు చెప్పేదిగా ఉండాలన్నది ఇక్కడి కీలకం. చిత్రమేమిటంటే గారాబం మనిషికీ ఇదే మందు, ఎదురు కారణంతో.

అక్కడికి వెళ్లే ముందు కార్తీక పౌర్ణమి గురించి రెండు మాటలు చెప్పాలి. ఆ తెల్లవారుజామున ఈ ప్రాంతంలో ఒకే చెరువు గట్టున రెండు పనులు జరుగుతాయి. నాయనమ్మ మూడువందల అరవై అయిదు వత్తుల దీపం వెలిగిస్తుంది. బడిలో ఒడియా వేడుక గురించి విన్న పిల్లలు అరటి దొప్పతోనో కాగితంతోనో పడవ చేసి, దీపం, తమలపాకు, వక్క పెట్టి నీళ్లలో వదులుతారు. బాలి, జావా దీవులకు ఓడల మీద వ్యాపారానికి వెళ్లిన పాత కళింగ వర్తకులను తలుచుకునే ఒడియా వేడుక అది, బోయిత బందాణ. "ఆ కా మా బోయి" అంటూ పాట మొదలయ్యేది కూడా పిల్లల నోటే. తెలుగింటి నాన్నకు ఆ పాట రెండో పాదం రాదు. కట్టడి మనిషికి దొరికే అరుదైన సందర్భం ఇది, పిల్లకు తెలిసి తనకు తెలియనిది ఎదురుగా ఉంది. పడవ పని పూర్తిగా పిల్లకు అప్పగించి, తండ్రి దొప్పలు కోసిచ్చే కూలీగా ఉంటే చాలు. దీపం మధ్యలో పెట్టకపోతే పడవ ఒరిగి మునుగుతుంది. మునగనివ్వండి. రెండో పడవకు సరిపడా దొప్పలు మాత్రం ముందే తెచ్చి ఉంచండి.

గారాబం చేసేవాళ్ల ఇబ్బంది వేరు. వాళ్లకు కాదనడం రాదు. కాదంటే పిల్ల మనసు నొచ్చుకుంటుందని భయం, ఏడుపు వినలేరు. అలాంటి మనిషికి "కొంచెం గట్టిగా ఉండండి" అని చెప్పడం ఈత రానివాడిని నీళ్లలోకి దూకమన్నట్టే. వాళ్లకు కావలసింది కాదనే పనిని తమ బదులు చేసిపెట్టే ఆట.

అష్టాచెమ్మా తీసుకుందాం. అయిదు వరుసలకు అయిదు గడులు, నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట, ఏది పడినా మళ్లీ వేయొచ్చు. గుర్తు వేసిన గళ్లలో ఉన్న కాయను ఎవరూ చంపలేరు, బయట దొరికితే వదలరు. ఎదుటివాళ్ల కాయ ఒక్కటైనా చంపనిదే లోపలి గళ్లలోకి వెళ్లనివ్వని ఇళ్లూ ఉన్నాయి. ఎంత నిర్దాక్షిణ్యమైన ఆటో చూడండి. ఇప్పుడు ఇందులోకి తాతయ్య దిగుతాడు. మనవడికి మూడు పడింది, రెండు కావాలి. "ఆ గవ్వ చాప అంచుకు తగిలింది, లెక్కలోకి రాదు, మళ్లీ వెయ్యి నాన్నా" అంటాడు తాతయ్య. మనవడు వేస్తాడు. అక్క లేచిపోతుంది. ఆటలో నియమం చచ్చిపోయిన క్షణం అది, ఆట కూడా అక్కడే ముగిసింది, పిల్లవాడికి గెలుపు దొరికిందిగానీ ఎవరి మీద గెలిచాడో తెలియదు.

అదే తాతయ్యను పిల్లవాడికి ఎదురుగా కాకుండా పిల్లవాడి జట్టులో కూర్చోబెడితే సంగతి మారుతుంది. గారాబం చేయాలన్న కోరికకు అక్కడ దారి దొరుకుతుంది, సలహా చెప్పొచ్చు, ఓడితే కలిసి ఓడొచ్చు. గవ్వలు ఎదుటి జట్టు చూస్తుండగా పడతాయి కాబట్టి నియమాన్ని వంచడానికి వీలుండదు. కాయ చచ్చినప్పుడు పిల్లవాడు ఏడుస్తాడు. ఏడవనివ్వాలి, ఒళ్లోకి తీసుకోవాలి, చచ్చిన కాయను మాత్రం వెనక్కి పెట్టకూడదు. బామ్‌రిండ్ చెప్పిన మూడో తీరు ఆచరణలో ఇంత చిన్నది. ఏడుపుకు జాలి ఉంటుంది, నియమానికి మినహాయింపు ఉండదు.

కాస్త దూరం వెళ్లగలిగిన వాళ్లకు రుషికుల్యా నది సముద్రంలో కలిసే చోటు ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడికి గుంపులుగా వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ప్రతి ఏడూ అంత ఎత్తున రావు. సుమారు ఏడు వారాలకు తాబేలు పిల్లలు బయటపడి రాత్రి చీకట్లో సముద్రం వైపు పాకుతాయి. వెలుగు ఎటు ఎక్కువగా కనిపిస్తే అటే వెళతాయి కాబట్టి, ఒడ్డున టార్చి వెలిగితే దారితప్పి ఊరివైపు మళ్లుతాయి. అటవీశాఖ వాళ్లు అనుమతించిన చోటే, వాళ్లు చెప్పినట్టే నిలబడాలి. అడిగిందల్లా దొరికే పిల్లవాడికి ఇక్కడ ఫోను లైటు వేయడానికి వీల్లేదు, పరుగెత్తడానికి వీల్లేదు, ముట్టుకోవడానికి అసలే వీల్లేదు. కారణం కళ్లముందు పాకుతూ ఉంటుంది. నియమం వెనుక కారణాన్ని ఇంతకంటే బాగా చూపే చోటు ఈ గంజాం జిల్లాలో నాకు తెలియదు. గోపాల్‌పూర్ అలలూ అలాంటివే, మోకాలి లోతు దాటొద్దన్న మాటకు సాక్ష్యం అలలే ఇస్తాయి. కానీ అక్కడ పరీక్ష పెట్టే ధైర్యం ఎవరికీ వద్దు.

పట్టించుకోని పెంపకం అన్న నాలుగో గడి గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లే మగవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఇంటికి వచ్చే తండ్రిని పట్టించుకోని తండ్రి అనడం అన్యాయం. ఆయన దగ్గర లేనిది సమయమూ చేరువా, శ్రద్ధ కాదు. రాత్రి ఫోనులో "బాగా చదువుతున్నావా?", "ఆ" అనే రెండు మాటలతో ముగిసే సంభాషణకు బదులు ఒక పొడుపుకథ పెడితే చాలు. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు." జవాబు ఆ రాత్రే చెప్పకూడదు. మరుసటి రోజు ఫోనుకు పిల్లవాడు ఎదురుచూస్తాడు, కనురెప్పలని కనిపెట్టినా పెట్టకపోయినా. కనిపెడితే తరువాతి కథ వేసే వంతు వాడిది. ఖర్చు లేదు, సెలవు అక్కరలేదు.

ఇప్పుడు ఈ ప్రాంతానికే చెందిన అసలు చిక్కుముడి. పెంపకం గడులు గీసినవాళ్లంతా పెద్దలకు తెలుసు, పిల్లలకు తెలియదు అన్న చోటు నుంచి మొదలుపెట్టారు. మన ఇళ్లలో అది సగమే నిజం. బడి డైరీ ఒడియాలో వస్తుంది. రేషను కార్డు కాగితాలు, పంచాయతీ నోటీసులు, చాలా ఫారాలు ఒడియాలో ఉంటాయి. తెలుగు పల్లెలో పుట్టి కోడలిగా వచ్చిన అమ్మ మాట్లాడగలదు, చదవలేదు. నాయనమ్మకు అదీ అంతంతమాత్రమే. పదేళ్ల కూతురు ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి గుమస్తా అన్నది తెలుగులో అమ్మకు, అమ్మ అన్నది ఒడియాలో గుమస్తాకు చేరవేస్తుంది. ఆ పది నిమిషాలు ఇంటి పెత్తనం ఎవరి చేతిలో ఉంది?

కట్టడి ఇంట్లో ఇది వింత ఇరకాటం తెస్తుంది. బయట తన మీద ఆధారపడ్డ అమ్మే ఇంటికి రాగానే "ఎదురు మాట్లాడకు" అంటే పిల్లకు ఆ రెండూ పొసగవు. గారాబం ఇంట్లో ప్రమాదం మరోవైపు ఉంది. డైరీలో టీచరు రాసిన ఫిర్యాదును పిల్లే చదివి వినిపిస్తుంది కాబట్టి అది పొగడ్తగా మారి ఇంటికి చేరొచ్చు. నవ్వొచ్చే సంగతే, ఒక ఏడాది చదువు పోయేదాకా.

రెండు ఇళ్లకూ పనికొచ్చేది ఒకటుంది, కలిసి చదవడం. బడి డైరీని పిల్ల చదివి అర్థం చెప్పడంతో వదలకుండా, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి అమ్మకు నేర్పాలి. ఒడియా గుండ్రటి లిపే, తెలుగు అక్షరాలకు అలవాటుపడిన కంటికి మరీ పరాయిగా అనిపించదు. రాత్రి అన్నాలయ్యాక పావుగంట చాలు. అవతలి పక్క నాయనమ్మ పెళ్లి శుభలేఖలు, క్యాలెండర్లు, ఇచ్ఛాపురం నుంచి వచ్చిన మిఠాయి పొట్లాల మీది కాగితాలు తీసి పిల్లకు తెలుగు అక్షరాలు పట్టించొచ్చు. ఒడియా మాధ్యమంలో చదివే తెలుగు పిల్లల్లో అమ్మ భాష మాట్లాడగలిగీ చదవలేనివాళ్లు చాలామంది. కట్టడి అమ్మకు ఇది శిష్యరికం, అలవాటు లేని వేషం. గారాబం నాయనమ్మకు ఇది గురుత్వం, "ఈ అక్షరం తప్పు, మళ్లీ రాయి" అని అనక తప్పని పీట. పెద్ద వయసులో కొత్త భాష రాదనేవాళ్లకు పర్లాకిమిడిలోనే జవాబుంది. గిడుగు రామమూర్తి అక్కడ బడిపంతులుగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు, వ్యాకరణం రాసేదాకా వెళ్లారు.

ఒక హద్దు మాత్రం గట్టిగా గీయాలి. రేషను దుకాణంలో, బస్టాండులో, బడిలో పిల్ల దుబాసీగా నిలబడితే తప్పులేదు. తనకు తెలిసింది ఇంటికి ఉపయోగపడుతోందన్న ధీమా దానివల్ల వస్తుంది. ఆస్పత్రిలో అమ్మ జబ్బు గురించి డాక్టరు చెప్పే మాటలను, అప్పు కాగితాల మీది షరతులను, కోర్టు నోటీసును పిల్ల నోట చెప్పించకూడదు. అర్థమైతే భయపడుతుంది, అర్థం కాకపోతే తోచింది చెబుతుంది. వాటికి పక్కింటి ఒడియా టీచరమ్మనో, రెండు భాషలూ వచ్చిన బంధువునో ముందు రోజే అడిగి పెట్టుకోవాలి. ఆ పూట పిల్లను బడికి పంపేయాలి.